తొట్టి కింద పరుపు

ఎండాకాలం వచ్చిందంటే అమెరికాలో ఎన్నో ఇళ్ల పెరళ్లలో ఓ పెద్ద గుండ్రటి తొట్టి వెలుస్తుంది. నేల తవ్వే పని లేదు. పైనే రేకు గోడ నిలబెట్టి, లోపల ప్లాస్టిక్ పొర పరిచి నీళ్లు నింపడమే. పదిహేనడుగుల అడ్డుకొలత, నాలుగడుగుల నీళ్లు ఉన్న తొట్టిలో పట్టేవి సుమారు 20 వేల లీటర్లు. అంటే 20 టన్నుల బరువన్నమాట! అంత బరువు కింద ఆ పల్చటి పొర చిరగడానికి చిన్న గులకరాయి చాలు.

ఈ చిక్కు పాతదే. 1925-26లో మొహంజోదారో తవ్వకాల్లో బయటపడిన స్నానవాటికని చూడండి. దాదాపు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. ఇటుకల్ని పక్కకి నిలబెట్టి, సందులేకుండా జిప్సంతో అతికారు. గోడ వెనక అంగుళం మందాన తారు పూసి, దాని వెనక మళ్లీ ఇటుకలే పేర్చారు. నీటిని ఆపే పొర మట్టికి నేరుగా తగలకూడదని నాలుగు వేల ఏళ్ల కిందటే వాళ్లకి తెలుసు! నీళ్లు పోయే తూము మాత్రం నైరుతి మూల పెట్టారు. మన వాస్తువారు చూస్తే ఏమంటారో!

తర్వాత 1761లో ఇంగ్లండులో బ్రిడ్జ్‌వాటర్ కాలవ తవ్విన బ్రిండ్లీ బంకమట్టిని తడిపి తొక్కించి, దాన్నే పొరగా వాడాడు. ఇక నేటి ప్లాస్టిక్ పొర సంగతి. స్నానవాటిక బయటపడిన ఆ 1926లోనే అమెరికాలో వాల్డో సెమన్ అనే ఆయన రబ్బరుని లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పెళుసైన పీవీసీని మెత్తగా సాగేలా చేశాడు. వినైల్ పొరకి మూలం అదే.

మెత్తనిది కదా, అందుకే దానికి పరుపు కావాలి. ముందు నేల చదును చెయ్యాలి. ఎత్తుని చెక్కెయ్యాలేగాని పల్లాన్ని మట్టితో పూడ్చకూడదు. పూడ్చిన మట్టి నీళ్ల బరువుకి కుంగుతుంది, తొట్టి ఓ పక్కకి ఒరుగుతుంది. రాళ్లూ వేళ్లూ ఏరి, రెండంగుళాల సన్న ఇసక పోసి, తడిపి దిమ్మిస చెయ్యాలి. గోడ అంచున ఇసకని గట్టులా ఏటవాలుగా ఒత్తాలి. లేకపోతే నీటి ఒత్తిడికి పొర గోడ కిందికి దూరిపోతుంది. ఆపైన కంబళిలాంటి దళసరి గుడ్డో, నురగ పలకలో పరుస్తారు.

ఇంత చేసినా ఓ శత్రువు మిగులుతుంది. మనం సున్నిపిండిలో కలుపుకునే తుంగముస్తలున్నాయే, ఆ తుంగే! దాని మొలక సూదిలా ఇసకనీ, పొరనీ కూడా పొడుచుకొచ్చేస్తుంది. పైపైన పీకితే లాభం లేదు. పొర పరవకముందే గడ్డలతో సహా తవ్వి తీసెయ్యాల్సిందే.