వేళ్ల లెక్క, తలల లెక్క

తెలుగులో "చెయ్యి" అన్న మాట అవయవం పేరు; పని చెయ్యమని చెప్పే క్రియ కూడాను. నైపుణ్యం గలవాణ్ణి మనం "చెయ్యి తిరిగిన పనివాడు" అంటాం. భాష చేతినీ పనినీ విడదీయలేదు, విడదీసినది శాసనం. చెయ్యి తెగకముందు అది కార్ఖానాలోని తలలను లెక్కించింది, తెగిన తరువాత వేళ్లను లెక్కించింది. పనిని మాత్రం చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు.

ఈ చరిత్రను యూసుఫ్‌గూడ నుంచి చూడటానికి కారణమున్నది. ఒక వైపు, ఆల్విన్ కార్ఖానాతో పేరు పొందిన సనత్‌నగర్ పారిశ్రామికవాడ. ఇంకొక వైపు, సినిమా స్టూడియోలు. సెట్లు కట్టే వడ్రంగులు, లైట్లు మోసేవారు అనేకులు కృష్ణానగర్‌లో కాపురముంటారు. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం ఏర్పడిన జాతీయ సంస్థ 1962లో హైదరాబాదుకు వచ్చి, యూసుఫ్‌గూడలోనే ఉన్నది. నేను పాఠం చెప్పే పిల్లలలో ఇటువంటి ఇళ్ల వారున్నారు. రంపపు మిషను వేలు కోసినా, ఇనుప దూలం చెయ్యి నలిపినా ఆ ఇళ్లలో నేను విన్న మాట ఒక్కటే: "తప్పు నీదే అన్నారండి."

ముందు తలల లెక్క చూద్దాం. యంత్రాలకు రక్షణ కంచె వెయ్యాలని 1881 ఫ్యాక్టరీ చట్టం చెప్పినది. కాని అది యంత్రశక్తితో నడుస్తూ 100 మంది పనివారున్న చోటికే వర్తించింది. దాని వెనుక కార్మికుని మీది కరుణ ఒక్కటే లేదు. భారత మిల్లుల పోటీకి జడిసిన లాంకషైరు యజమానుల ఒత్తిడి కూడా ఉన్నది. తరువాత కార్మికోద్యమం పెరిగినకొద్దీ ఆ అంకె దిగివచ్చినది: 1891లో 50, 1922లో 20, 1948లో 10. అరవై ఏడేళ్లలో వంద పది అయినది. మరి 2020లో చేసి, 2025 నవంబరు 21 నుంచి అమలులో పెట్టిన కొత్త స్మృతి "కార్ఖానా" నిర్వచనంలో ఆ అంకెను మళ్లీ 20 చేసినది. పదిమంది ఉన్న చోట్ల సాధారణ విధులు మిగిలాయి, నిజమే. కాని కార్ఖానా అన్న హోదాతో వచ్చే కట్టుదిట్టం విషయంలో మనం 1922కే తిరిగి వెళ్లాము. చిన్న యజమానికి భారం తగ్గించామంటారు. రంపానికి ఎదుట ఎందరున్నారో తెలియదు. పన్నెండుమంది ఉన్న చోటా అది వేలును అట్లాగే కోస్తుంది. తగ్గించిన భారం ఎవరి మీద పడుతున్నదో అక్కడే తేలుతున్నది.

ఇక వేళ్ల లెక్క. 1837లో ఒక ఇంగ్లీషు న్యాయస్థానం, పనివాడు తన పనిలోని ప్రమాదాన్ని తెలిసే ఒప్పుకున్నాడని తీర్పు చెప్పినది. ఆ వాదాన్ని పక్కకు నెట్టి జర్మనీ 1884లో ప్రమాద భీమా తెచ్చింది. 1897లో బ్రిటన్ పరిహార చట్టం చేసినది. మన దేశానికి అది 1923లో చట్టమై, 1924 జూలై 1న అమలుకు వచ్చినది. యజమాని తప్పును రుజువు చెయ్యనక్కరలేదు. పనివాని వట్టి అజాగ్రత్త పరిహారానికి అడ్డు కాదు. కాబట్టి "తప్పు నీదే" అన్న మాటకు నూరేళ్ల క్రితమే చట్టంలో విలువ పోయినది.

కాని ఆ చట్టమే ఒక పట్టిక కూడా వేసినది. బొటనవేలు పోతే 25 శాతం, చూపుడు వేలికి 10, మిగతా ఏ వేలికైనా 5. 1962 సవరణ వీటిని పెంచి బొటనవేలికి 30, చూపుడు వేలికి 14 చేసినది. 2020 జనవరిలో వచ్చిన 15,000 రూపాయల వేతన పరిమితి ప్రకారం, ముప్పై ఏళ్లవానికి చూపుడు వేలు మొత్తం పోతే దక్కేది సుమారు 2,62,000 రూపాయలు. అతడు కాపలావాడైనా అంతే, ఉలి పట్టే వడ్రంగైనా అంతే!

ఈ పట్టికను దాటి పనిని చూసినది 1975 నాటి సుప్రీంకోర్టు తీర్పు. 1968లో ఒడిశాలో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. పట్టిక ప్రకారం అది పాక్షిక నష్టమే అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు గనుక నష్టం నూటికి నూరు అన్నది కోర్టు. పరిహారం గాయపడిననాటి నుంచే బాకీ అని కూడా తేల్చినది. సెట్లు కట్టే మన వడ్రంగులకు ఇంతకంటె దగ్గరి తీర్పు మరొకటి లేదు.

అయితే ఈ హక్కు చేతికందాలంటే ముందుగా తాను పనివాడినని నిలబడాలి. సినిమాలు తీసే పనిని 1923 చట్టం తన జాబితాలో చేర్చుకున్నది. కాంట్రాక్టరు కూలికి అసలు యజమానినీ బాధ్యుణ్ణి చేసినది. యజమాని వ్యాపారానికి సంబంధించని అప్పుడప్పుడు పనివారిని బయట ఉంచిన మినహాయింపు 2000 సవరణతో పోయినది. హక్కు వదులుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదన్నది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చినది. ఏ చట్టమైనా రోజుకూలి పేరు ఏ పుస్తకంలోనూ లేకపోతే ఏమి చేయగలదు?

కాబట్టి విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయగల పని ఒకటున్నది. మన వీధిలోని పనివానికి హాజరు, కూలి, పని చేయించినవాని పేరు రోజూ రాసిపెట్టుకోవడం నేర్పాలి. రాయలేనివానికి మనమే రాసిపెట్టాలి. గాయపడినవాడు డాక్టరు దగ్గరకు వెళ్లినపుడు, గాయం పనిలో తగిలినదని ఆ కాగితం మీద రాయించాలి. అక్షరం వచ్చిన చెయ్యి తెగిన చేతికి చేయవలసిన కనీస సహాయం ఇది.