కడలి నాచు, వెండి నలుసు

మదరాసు మహానగరమునకు ఉత్తరభాగమున, పెరంబూరు నూలుమిల్లుల చెంత పెరిగినదియు, 1806 నాటికే ఎన్నూరు దిశగా సాగి, 1876–78 నాటి ఘోరక్షామమున కూలిజనుల చెమటతో విస్తరిల్లి, పిదప గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేర వ్యవహరింపబడిన కాలువకు చేరువనున్నదియునగు వ్యాసర్పాడి పేరు వినినంతనే చదువరులకు వ్యాసమహర్షియో, రవీశ్వరాలయమో, తెలుగుదేశమునుండి పడవలపై దిగిన వంటచెఱకును ధాన్యమునో స్ఫురించునుగాని సూక్ష్మజీవశాస్త్రము స్ఫురింపదు. అయినను డాక్టర్ అంబేడ్కర్ ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఈ పేటలోనే గలదు. సముద్రపు నాచు కషాయముతో వెండి లవణమును అతిసూక్ష్మములైన వెండి రేణువులుగా మార్చి బాక్టీరియాలపై ప్రయోగించు విద్య నేడు ఇట్టి కళాశాలల విద్యార్థులకు అందుబాటులోనికి వచ్చినది. దీనిని నిన్నమొన్నటి వింతగా భావించువారు పెక్కురు గలరు. దాని వెనుక నూటయేబది సంవత్సరములకు చేరువైన చరిత్ర యున్నది.

బాక్టీరియాలతో నాచునకు గల సంబంధము వైరముతో గాక ఆతిథ్యముతో ఆరంభమైనది. జర్మనీలో రాబర్ట్ కోహ్ శిష్యుడగు వాల్టర్ హెస్సె, సూక్ష్మజీవులను పెంచుటకై పోసిన జిలాటిను వేసవి వేడికి కరగిపోవుచుండుటచే ఖిన్నుడై యుండగా, ఆయన భార్య ఫ్యానీ హెస్సె, జావాద్వీపమున నివసించి వచ్చిన పొరుగువారి వలన తాను నేర్చిన వంటమర్మమును జ్ఞప్తికి దెచ్చుకొని, ఎఱ్ఱనాచునుండి తీయు అగరును వాడి చూడుడని 1881లో సూచించెను. మన యిండ్లలో చైనాగడ్డి యను పేర పరిచితమైన ఆ పదార్థము ఒకసారి గడ్డకట్టినచో సుమారు 85 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగులువరకు కరగదు. జర్మనీ వేసవికే నీరైపోవు జిలాటినుతో మదరాసు ఎండలలో సూక్ష్మజీవులను పెంచుట యెట్టి ప్రయాసయో ఊహించుకొనవచ్చును. ఉష్ణదేశపు వంటింటి విద్య యొక గృహిణి నోట ప్రయోగశాలకు చేరినది. ఆమె పేరు మాత్రము శాస్త్రగ్రంథములలో చిరకాలము మరుగుననే యుండుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

ఇక మన తీరముల నాచును గుర్తించి, వర్గీకరించి, చిత్రించి, దేశమున ఒక విద్యాపరంపరగా నిలిపిన ఘనత మదరాసునకు చెందినది. విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ప్రయోగశాలకు జీవమై నిలిచిన మండయం ఓసూరి పార్థసారథి అయ్యంగారు (1886–1963) 1927లో మదరాసు ప్రభుత్వ మ్యూజియము ప్రచురణలో క్రుసడై ద్వీపపు వృక్షజాతిని గూర్చి వ్రాసెను. ఆయన శిష్యుడగు దేశికాచారి నీలహరిత శైవలములపై 1959లో ప్రకటించిన బృహద్గ్రంథము నేటికిని ప్రమాణమై యున్నది. ఈ పండితులు వెండిని గూర్చి యోచించి యుండరు. కాని పేరు తెలియని నాచుతో చేసిన ప్రయోగమును మఱియొకడు తిరిగి చేయజాలడు గనుక, నేటి ప్రతి ప్రయోగమును వారికి ఋణపడియే యున్నది.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చి జపాను అగరు నిలిచిపోగా, మనదేశమున అగరు తయారీని గూర్చిన ప్రయత్నములు మొదలయ్యెను. యుద్ధానంతరము మండపమను ఊరిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాలయము వెలసిన పిమ్మట, ఫ్రాన్సెస్కా తివి యను విదుషీమణి భారతీయ నాచులనుండి తీసిన అగరుల గుణములను పరిశీలించి 1951లో ప్రకటించెను. మన్నారు సింధుశాఖలోని 21 ద్వీపముల చుట్టును మునిగి, పగడపు గట్లపై చేతులు కోసికొనుచు నాచును పెఱికి తెచ్చినవారు, నేటికిని తెచ్చుచున్నవారు, తీరగ్రామముల స్త్రీలు. అగరు చరిత్రలో వారి శ్రమయే ప్రధానాధ్యాయము.

వెండి కథ వేఱు. నవజాత శిశువుల నేత్రములలో సిల్వర్ నైట్రేటు బిందువు వేసి అంధత్వమును నివారించు పద్ధతిని క్రెడె యను జర్మను వైద్యుడు 1881లో ప్రకటించెను. 1889లో అమెరికాలో కేరీ లీ సిట్రేటు సాయమున వెండిని నీటిలో తేలియాడు రేణువులుగా చేసెను. ఆ తరువాత రసాయనజ్ఞులు సోడియం బోరోహైడ్రైడు, హైడ్రజీను వంటి తీవ్రద్రవ్యముల నాశ్రయించిరి. ఆ తీవ్రత తప్పించుటకే, జీవపదార్థముల సాయమున రేణువులను చేయు హరిత సంశ్లేషణము పుట్టినది. వెల్లూరునందలి తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయమునకు చెందిన సింగారవేలు బృందము సర్గాసం వైటీ యను గోధుమనాచుతో 8 నుండి 12 నానోమీటర్ల బంగారు రేణువులను సాధించి 2007లో ప్రకటించెను. అదే నాచుతో వెండి రేణువులను చేసి, బాక్టీరియాలపై వాని ప్రభావమును 2009లో వెల్లడించెను.

విధానము సరళము. నాచును మంచినీట కడిగి, నీడలో ఎండబెట్టి, పొడిచేసి, స్వేదనజలములో కాచి వడగట్టి, పలుచని సిల్వర్ నైట్రేటు ద్రావణములో కలిపినచో, లేతపసుపు క్రమముగా ముదురు గోధుమవర్ణమగును. నాచునందలి బహుశర్కరలును, ఫినాలులును, మాంసకృత్తులును వెండి అయానులను లోహముగా మార్చుటయే గాక, ఆ రేణువులు ఒండొంటిని అంటుకొనకుండ పొరవలె కప్పుకొనును. ఇట్లు సిద్ధమైన ద్రావణమును పరీక్షించుట కేమి కావలెను? మరల అగరే! అగరు పళ్లెముపై బాక్టీరియాలను పరచి, చిన్నగుంటలలో ద్రావణమును పోసినచో, మరునాటికి గుంటచుట్టును సూక్ష్మజీవులు మొలవని వలయ మేర్పడును. ఒక నాచు శత్రువునకు పాన్పు పరచగా, మఱియొక నాచు ఆ శత్రువుపై ఆయుధమును సిద్ధపఱచుచున్నది.

అయితే పళ్లెములోని వలయమును జూచి ఔషధము సిద్ధమైనదని ప్రకటించుట తొందరపాటగును. రోగి శరీరము అగరు పళ్లెము కాదు; వెండి మేలుచేయు సూక్ష్మజీవులను, జలచరములను గూడ బాధించును గనుక, వాడి పారబోసిన ద్రావణము కాలువలద్వారా సముద్రమును జేరుటను గూర్చి శ్రద్ధ వహింపవలెను. అంతకన్నను మౌలికమైన చిక్కొకటి గలదు. నాచునందలి రసాయనముల పాళ్లు ఋతువును బట్టియు, తీరమును బట్టియు మారుచుండును. కషాయము మారినచో రేణువుల పరిమాణమును మారును. విశాఖపట్టణపు శిలలపై నాచులు ఏయే మాసముల నెట్లు పెరుగుచున్నవో ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గారలు పరిశీలించి 1964లో ప్రకటించిన పరిశోధన ఇందుకే నేడు మరల పఠనీయము. వ్యాసర్పాడి విద్యార్థి వెండి ద్రావణమును ముట్టుటకు ముందు, ఆ నాచు ఏ తీరమున, ఏ మాసమున, ఏ పోటుపాటుల నడుమ, ఎవరి చేత సేకరింపబడినదో తన పుస్తకములో వ్రాసికొనవలెను.