అంగన్‌వాడీ పుట్టింది పేదల వాకిట్లోనే



ఖానాపూర్, ఉట్నూర్, జన్నారం దిక్కు మన చెల్లెళ్లు కొందరు ఇంటర్ అయినంక అంగన్‌వాడీ టీచర్ పని నేర్చుకుందామని చూస్తున్నరు. ఇంట్లోనేమో "పిల్లలకు గుడ్డు, పప్పన్నం పెట్టే పనికి ట్రైనింగ్ ఎందుకు?" అంటరు. ఆ మాటకు జవాబు మన చరిత్రలోనే ఉన్నది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనంక, నిజాం సర్కారు మన బతుకులను అధ్యయనం చేయమని హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మనోళ్ల నడుమనే ఉన్నరు. 1943లో అక్కడ గోండు టీచర్ల ట్రైనింగ్ సెంటర్ మొదలైంది. అప్పటికి మనలో చదువు వచ్చినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా బయటి పంతుళ్లను తెచ్చి కూర్చోబెట్టలే, ఆ కొద్దిమందినే పంతుళ్లను చేసిన్రు. వాచకాలు గోండిలో, దేవనాగరి లిపిలో తయారైనయి. తర్వాత రాష్ట్రాలు మారినయి, బడి భాష తెలుగు అయింది, ఆ వాచకాలు మూలకు పడ్డయి. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులకు దండం పెడుతం గని, ఆ ట్రైనింగ్ సెంటర్ ముచ్చట మాత్రం తక్కువ మాట్లాడుకుంటం. మా లెక్కల అదే వాళ్ల పెద్ద పని.

మార్లవాయి బడి ఈడు పిల్లల కథ. ఇంకా చిన్నపిల్లల కథ మహారాష్ట్రది. 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ బోర్డి ఊళ్లె బాల్‌వాడీ పెట్టిన్రు. పేద వాడల పిల్లలు అక్కడికి రాలే. వాళ్లు రాకపోతే మనమే పోదామని తారాబాయి బాల్‌వాడీనే వాళ్ల వాకిట్లోకి తీసుకపోయింది. మరాఠీల అంగణ్ అంటే వాకిలి, అంగన్‌వాడీ అన్న మాట అట్ల పుట్టింది. 1957లో వాళ్లు కోస్‌బాడ్ గుట్టకు, వార్లీ ఆదివాసుల నడుమకు మారిన్రు. మాంటిస్సోరి సామాను ఖరీదు ఎక్కువ. అందుకే గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్లతోనే లెక్కలు, రంగులు నేర్పిన్రు. పశువులు కాసే పిల్లల కోసం మేత బీట్లోనే బడి నడిపిన్రు. సర్కారు ఐసీడీఎస్ వచ్చింది 1975 అక్టోబర్ 2న, దేశం మొత్తంల 33 బ్లాకుల్లో. పేరు మాత్రం ఆ వాకిలిదే.

ఇప్పటి సంగతికొస్తే, 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాకా ఒకే దశ అన్నది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు 6 నెలల సర్టిఫికెట్, తక్కువ చదివినోళ్లకు ఏడాది డిప్లొమా అని రాసింది. ఆదివాసీ ప్రాంతాల ఆశ్రమశాలల్లో కూడా ఈ చదువు దశలవారీగా పెడతమన్నది. కాగితం మీద మంచిగనే ఉన్నది.

మూడేండ్ల గోండు పిల్ల, కొలాం పిల్ల, లంబాడీ పిల్ల ఇంట్లో ఒక భాష విని, కేంద్రంల ఇంకో భాష వింటది. నోరు మెదపని పిల్లను "మందబుద్ధి" అనుడు అక్కడనే మొదలైతది. అందుకే ట్రైనింగ్‌కు పోయే చెల్లెళ్లు మొదటి రోజే అడగాల్సిన మాట ఒకటున్నది: పాటలు, కథలు ఏ భాషల నేర్పుతరు? తెలుగులనే అంటే, గోండి, కొలామి, గోర్ బోలి పాటలు మేమే రాసుకొస్తం, పాఠంల పెట్టండి అని చెప్పాలె. ఆ పాటలు మన అవ్వల దగ్గర ఇంకా ఉన్నయి. ఈ ఎండాకాలం సెలవుల్లోనే నోట్‌బుక్ పట్టుకొని వాళ్ల దగ్గర కూర్చుందాం.