నెల తప్పిన నాటి నేరము

1886వ సంవత్సరమున మద్రాసు హైకోర్టు ఒక తీర్పు చెప్పినది. న్యాయవాదుల గ్రంథములలో అది ఆదెమ్మ కేసు అను పేర నేటికిని కనబడుచుండును. నెల దినముల గర్భమును తానే పోగొట్టుకొన్నదని ఒక స్త్రీపై నేరము మోపబడినది. క్రింది న్యాయాధిపతి ఆమెను విడిచిపెట్టెను. నెల దినములకు పిండమని గాని శిశువని గాని చెప్పదగినదేదియు ఏర్పడి యుండదని ఆయన కారణము చూపెను. హైకోర్టు ఆ విడుదల చెల్లదన్నది. గర్భము నిలిచిన క్షణము నుండియు దానిని కాపాడుట తల్లి కాబోవు స్త్రీకి విధి యనియు, నెలలు తక్కువైనంత మాత్రమున నేరము కాకపోదనియు నిర్ణయించినది.

ఆ న్యాయమూర్తుల ఉద్దేశమును శంకింప బనిలేదు. ప్రాణము ఎప్పుడు మొదలగునన్నచో ఆది నుండియే యని చెప్పుటలో ఒక తర్కము కలదు. ఐతే తర్కము వేరు, అమలు వేరు.

మన యిండ్లలో ఈ దశకు ఉన్న మాట ‘నెల తప్పినది’ అని. ఆ మాటలో నిశ్చయము లేదు. తప్పిన నెల మరల సరిపడవచ్చును. రెండవ నెల చూచి, మూడవ నెల చూచి, వేవిళ్లు చూచి, అప్పుడు గాని పుట్టింటికి కబురు పంపరు. ముట్టు నిలిచినదని మంత్రసానిని మందడిగిన యామె గర్భమును పోగొట్టుకొనుచున్నదో, జబ్బునకు చికిత్స చేయించుకొనుచున్నదో పెక్కు సందర్భములలో ఆమెకే తెలియదు. వైద్యునకైనను తెలియు మార్గము లేదు. ఎలుకలకు సూదివేసి గర్భమును నిర్ధారించు పరీక్షను బెర్లిను నగరమున ఆషైమ్, జోండెక్ అను వైద్యులు కనిపెట్టినది 1927–28లో. అంతకు నలుబది సంవత్సరములు ముందే మన రాజధాని హైకోర్టు మొదటి నెలను శిక్షాస్మృతి క్రిందికి తెచ్చినది. ఇక దానిని అమలు జరుపువారెవరు? ఎవరిమీద జరిపిరి? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమును దృష్టియందుంచుకొని ఈ సంగతిని పరిశీలింతము.

ఈ శాసనము హిందూదేశపు శిక్షాస్మృతిలో 312వ సెక్షను. 1860లో చట్టమై 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. తల్లి ప్రాణమును రక్షించుటకు సద్బుద్ధితో చేసినది తప్ప, గర్భస్రావము చేయించినవారికి మూడేండ్ల వరకు ఖైదు. కడుపులో బిడ్డ కదలిక తెలిసిన పిమ్మట ఐనచో ఏడేండ్ల వరకు. తనంతట తాను చేసికొన్న స్త్రీయు ఇందులో చేరునని క్రింద వివరణ చేర్చిరి. అనగా మందిచ్చిన మంత్రసానియు, పుచ్చుకొన్న యామెయు ఇద్దరును నేరస్థులే.

విశేష మేమనగా, ఈ చట్టమునకు మూలమైన చిత్తును 1837లో సిద్ధపరచిన మెకాలే సంఘమే దీనిని చూచి వెనుదీసినది. గర్భస్రావమును గూర్చిన ఏ చట్టమైనను ఈ దేశమున నీచమైన పనులకు ఉపయోగపడునని తమకు గట్టి భయము కలదని వారు తమ వివరణలో వ్రాసిరి. నేరము రుజువు కాకపోయినను నింద మాత్రము కుటుంబమునకు అంటుకొని యుండును. కనుక దుర్మార్గుల చేతిలో అది గొప్ప ఆయుధమగును. శిక్షలు పడుట తక్కువ, గౌరవస్థులు హడలిపోవుట ఎక్కువ, లాభము పొందువారు సంఘమునకు పట్టిన చీడపురుగులు అని వారి భావము. విచారణ విధానములో తగిన కట్టుబాట్లు ఏర్పరుప లేనిచో, తల్లి సమ్మతితో జరిగిన గర్భస్రావమును శిక్షింపక విడిచిపెట్టుటయే మేలని సలహా యిచ్చుటకు కూడ వారు సిద్ధపడిరి. మెకాలేను మనము తిట్టుకొనుటకు వేరే కారణములు పెక్కు కలవు గాని, ఈ ఒక్క చోట ఆయన సంఘము మన పల్లెను మనకంటె బాగుగా ఊహించినదని ఒప్పుకొనక తప్పదు.

కట్టుబాట్లు కొన్ని యేర్పడినవి. విచారణ స్మృతి ప్రకారము 312వ సెక్షను క్రింద వారంటు లేనిదే పోలీసులు అరెస్టు చేయరాదు. 1872 నాటి సాక్ష్యచట్టము ననుసరించి పోలీసుల యెదుట ఒప్పుకొన్న మాట సాక్ష్యముగా చెల్లదు. మంత్రసాని సాక్ష్యము చెప్పవలెనన్న ఆమెయు నేరములో పాలుగలదే. పాలుగలవాని మాటకు వేరొక ఆధారము తోడు కావలయును. పోనీ వైద్యుడు పరీక్షించి చెప్పునందమా, నెల దినముల గర్భము పోయిన వారమునకు ఒంటిమీద ఏ గురుతును మిగులదు. ఇన్ని అడ్డంకులు దాటి తొలినెలల కేసు రుజువగుట ఎంత అరుదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఐనచో శాసనము నిద్రించినదా? నిద్రించలేదు. అది శవము కొరకు కాచుకొని యుండెను.

ఆ నాటికి ఈ మూడు ఊళ్లును కృష్ణా జిల్లాలోనివి. గుంటూరు జిల్లా మరల ఏర్పడినది 1904లో. జిల్లా ముఖ్యపట్టణము బందరు. రేపల్లె వైపు లంకలలోని మనిషి జిల్లా న్యాయస్థానమును చూడవలెనన్న కృష్ణ దాటి పోవలయును. కాని ఊరిలో సర్కారు కన్ను ఒకటి నిత్యము తెరచియే యుండెడిది. అది గ్రామ మునసబు. అనుమానాస్పదమైన మరణము జరిగినచో పై అధికారులకు తెలుపుట ఆయన విధి. మద్రాసు, బొంబాయి రాజధానులలో మాత్రము శవపంచనామాను గ్రామాధికారియే జరిపి మేజిస్ట్రేటుకు నివేదించుటకు విచారణ స్మృతిలోనే వీలు కల్పించిరి. కాబట్టి గర్భము పోగొట్టుకొన్న స్త్రీ బ్రదికి బట్టకట్టినచో సర్కారుకు పట్టదు. చనిపోయినచో పంచనామా, శవపరీక్ష, కడుపులోని పదార్థము మద్రాసులోని రసాయన పరీక్షకునికి ప్రయాణము. అప్పుడు 314వ సెక్షను. మందిచ్చినవారికి పదేండ్ల వరకు ఖైదు.

రెండవ శవము పసికందుది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ డెల్టా అంతయు కాలువల మయమైనది. ఏ కాలువ గట్టుననో, పాడుబావిలోనో పసికందు కనబడినచో 318వ సెక్షను సిద్ధముగా ఉండును. పుట్టుకను దాచిపెట్టుటకై శవమును రహస్యముగా మాయము చేయుట నేరము. రెండేండ్ల వరకు శిక్ష. దీనికి వారంటు అక్కరలేదు. బిడ్డ పుట్టక ముందు మరణించినదా, పుట్టిన పిమ్మటనా అన్నది తేలకపోయినను సరే. తొలినెలలలో పని ముగించుకొనలేక, ఎవరికిని చెప్పుకొనలేక తొమ్మిది నెలలు మోసిన నిర్భాగ్యురాలే చట్టమునకు సులభముగా దొరికెడిది. తొలి గర్భమును కాపాడుటకు పుట్టిన నిషేధము తుది గర్భమును, కన్నతల్లిని పట్టుకొన్నదన్న మాట.

ఇక ఎవరి బావి, ఎవరి యిల్లు వెదకవలె నను ప్రశ్న వచ్చును. ఆరుగురు బిడ్డల తల్లి ఏడవ కానుపు భరింపలేక మందు త్రాగి మూడు దినములు మంచమెక్కినచో చూడవచ్చిన అమ్మలక్కలు ‘నెల సరిగా రాలేదు పాపము’ అని జావ కాచి యిచ్చి పోదురు. వితంతువు మూడు దినములు మంచమెక్కినచో ఊరంతయు లెక్కలు కట్టును. నేరము ఇద్దరికిని ఒక్కటే, సెక్షను ఒక్కటే. తొలినెలల గర్భము కంటికి కనబడదు. కనబడునది స్త్రీ యొక్క స్థితి మాత్రమే. నొసట బొట్టున్నదా లేదా అన్నది చూచి అనుమానించుట తప్ప ఈ నిషేధమునకు వేరొక కొలబద్ద దొరకలేదు. అనుమానమును పోలీసు దాకా పోనీయకుండుటకు చేతులు మారిన సొమ్ము, పుట్టింటివారు వ్రాసి యిచ్చిన చెక్క పొలము, వెలివేత, కాశీప్రయాణము ఇవి ఏ కోర్టు దస్తరమునందును ఎక్కవు. శిక్ష పడలేదు గనుక చట్టము అమలు కాలేదని అంకెలు చూచి చెప్పువారు ఈ పద్దును విస్మరించుచున్నారు.

1881లో సూరత్ న్యాయస్థానము విజయలక్ష్మి యను వితంతువునకు శిశుహత్య నేరముపై మరణదండన విధించగా, పైకోర్టు దానిని తగ్గించినది. పత్రికలు ఆమెను దూషించుచుండగా మహారాష్ట్రమున తారాబాయి షిండే కోపించి స్త్రీపురుషులను సరిపోల్చుచు 1882లో ఒక పుస్తకమే ప్రకటించెను. అదే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. వితంతు వివాహమును కోరినవారు భ్రూణహత్యలను గూర్చి పదే పదే చెప్పుట కేవలము వాదము కొరకు కాదు. పూనాలో ఫూలే దంపతులు 1863 నాటికే అట్టి స్త్రీలు రహస్యముగా ప్రసవించుటకు ఇల్లు తెరచిరి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1902లో వితంతు శరణాలయము నెలకొల్పిరి. శిక్షాస్మృతి చేయలేనిదానిని, అనగా పుట్టబోవు బిడ్డను కాపాడుటను, చేసినవి ఇట్టి యిండ్లే. వాటికి సర్కారు పంచనామాలతో పని లేదు.

స్వరాజ్యము వచ్చినను సెక్షను మారలేదు. 1964లో కేంద్రప్రభుత్వము శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. 1966 చివర ఆ సంఘము నివేదిక యిచ్చుచు, ఏబది కోట్ల జనాభాకు సాలీనా 39 లక్షల గర్భస్రావములు బుద్ధిపూర్వకముగా జరుగుచున్నట్లు అంచనా వేసినది. అంచనా అంచనాయే. ఐనను దానిలో పదవవంతు నిజమైనను, వంద సంవత్సరముల నిషేధము దేనిని ఆపినదో ఆలోచింపవలసి వచ్చును. బిల్లు పార్లమెంటుకు వచ్చిన 1969లో ఆ శాఖ మంత్రి శ్రీపతి చంద్రశేఖర్. ఆయన పుట్టినది రాజమహేంద్రవరమున. 1971లో చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలైనది. పండ్రెండు వారముల వరకు ఒక డాక్టరు, ఇరువది వారముల వరకు ఇద్దరు డాక్టర్లు సద్బుద్ధితో అభిప్రాయపడినచో, ప్రభుత్వ ఆసుపత్రిలో గాని అంగీకృత స్థలమున గాని గర్భస్రావము చేయవచ్చునని 1971 నాటి ఆ చట్టము నిర్ణయించినది.

మెలకువతో చదివినచో ఇది స్త్రీకి ఇచ్చిన హక్కు కాదు. డాక్టరుకు ఇచ్చిన అభయము. 312వ సెక్షను నాడు ఎప్పటివలెనే నిలిచియుండెను. పైగా సంతాన నిరోధ సాధనము విఫలమైనదన్న కారణమును 1971 చట్టము వివాహిత స్త్రీకి మాత్రమే వర్తింపజేసినది. పల్లెలోని పాత కొలబద్ద మరల శాసనములోనికే వచ్చి కూర్చున్నది! రేపల్లె తాలూకా పోతార్లంకలో 1924లో జన్మించి బాపట్ల ప్రాంతమున స్త్రీల నడుమ పనిచేసిన మల్లాది సుబ్బమ్మ గారివంటివారు కుటుంబ నియంత్రణమును ప్రచారము చేయునప్పుడు ఎదుర్కొనవలసి వచ్చినది ఈ కొలబద్దనే. 2021 సవరణ ఆ ‘వివాహిత’ పదమును తొలగించినది. 2022 సెప్టెంబరు 29న సుప్రీముకోర్టు అవివాహితకును సమాన స్థానమున్నదని తేల్చినది.

ఐనను ఆచారము చట్టము వెంట నడువదు. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి ఆమె సంతకము తప్ప వేరొకరి సంతకము అక్కరలేదని చట్టమున స్పష్టముగా కలదు. భర్తను పిలుచుకొని రమ్మని త్రిప్పిపంపు కౌంటర్లు నేటికిని కలవు. అందుచేత జనము మందుల అంగడికి పోవుచున్నారు. 2002లో గర్భస్రావపు మాత్రలకు ఈ దేశమున అనుమతి లభించినది. 2015వ సంవత్సరమునకు పరిశోధకులు వేసిన లెక్కలో దేశమున జరిగిన గర్భస్రావములు ఒక కోటి ఏబదియారు లక్షలు. అందు నూటికి డెబ్బదిమూడు ఆసుపత్రుల వెలుపల మాత్రలతో జరిగినవే. నెల తప్పిన సంగతిని నాటివలెనే నేడును స్త్రీ తనలోనే దాచుకొని తీర్చుకొనుచున్నది. మంత్రసాని స్థానమున మందుల చీటీ వచ్చినది, అదియు ఒక్కొక్కప్పుడు లేదు.

డల్లాసు, హ్యూస్టను నగరముల చుట్టును మన జిల్లాల కుటుంబములు వేలకొలది స్థిరపడియున్నవి. ఆ టెక్సాసు రాష్ట్రమున 2021 సెప్టెంబరు 1న ఒక చట్టము అమలులోనికి వచ్చినది. గుండె చప్పుడు పోలిన కదలిక యంత్రమునకు తెలిసిన పిమ్మట, అనగా దాదాపు ఆరు వారములకే, గర్భస్రావము నిషిద్ధము. దానిని అధికారులు అమలు జరుపరాదు. ఏ పౌరుడైనను, గర్భస్రావము చేసిన డాక్టరు మీదను, తోడ్పడినవారి మీదను దావా వేయవచ్చును. గెలిచినచో పదివేల డాలర్లకు తక్కువ కాకుండ సొమ్ము దక్కును. గర్భిణి మీద మాత్రము దావా లేదు. మరుసటి యేడు అచ్చటి సుప్రీముకోర్టు పాత తీర్పును త్రోసివేయుటతో ఆ రాష్ట్రమున నిషేధము మరింత కఠినమైనది. ఎవని చేతిలో ఈ ఆయుధము పడునని మెకాలే సంఘము భయపడినదో, వానికే దానిని చట్టబద్ధముగా అప్పగించి ప్రతిఫలము కూడ నిర్ణయించుట నూట ఎనుబది యేండ్ల పిమ్మట జరిగిన వింత.

మన దేశమున 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. వెనుకటి 312 ఇప్పుడు 88వ సెక్షను. శిక్షలు అవియే, మూడేండ్లు, ఏడేండ్లు. వారంటు లేనిదే అరెస్టు చేయరాదన్న నియమము నిలిచినది. తనంతట తాను గర్భము పోగొట్టుకొన్న స్త్రీయు ఇందులో చేరునన్న ఆ చిన్న వివరణయు క్రింద అట్లే యున్నది.