హవేలీ వేలం నుంచి భోగాపురం దాకా

మా చెల్లెలి మనవడు బెంగుళూరు నుంచి సంక్రాంతికి వచ్చాడు. కనుమ నాడు పొద్దున్నే ఫోనులో రంగుల ప్లాను ఒకటి చూపించాడు.

"తాతా, భోగాపురం పక్కన రెండొందల గజాలు. నెలాఖరుకి రేటు పెంచీస్తారట. ఏటంటావు?"

నలభై ఏళ్లు సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదుట చెట్టుకింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాణ్ణి. రేట్ల సంగతి నాకు అప్పుడూ అంతుపట్టలేదు, ఇప్పుడూ పట్టదు. "1948లో అది ఏ భూమిరా?" అన్నాను. వాడు నవ్వాడు. వాళ్ల నాన్న కూడా పుట్టని కాలం మరి.

ముక్కలు చేసి అమ్మడం ఈనాటి విద్య అనుకుంటారు. మా వైపు మొదటి వెంచరు వేసింది ఈస్టిండియా కంపెనీ. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చినప్పుడు పాత జమీందార్లకి వాళ్ల జమీలు ఖాయం చేశారు. సర్కారు చేతికింద నేరుగా ఉన్న హవేలీ భూముల్ని మాత్రం ముఠాలుగా కోశారు. ఒక్కో ముఠా ఏటా వెయ్యి నుంచి అయిదు వేల వరహాలు రాబట్టేలా కత్తిరించి, పాట పెట్టి, హెచ్చు పాడినవాడికి కట్టబెట్టారు. వాడు కొన్నది నిజానికి మట్టిని కాదు, శిస్తు వసూలు చేసుకునే హక్కుని. వాన పడినా పడకపోయినా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు మాత్రం ఒక్కటే. మంచి ఏడాది రాబడి చూసి పాట పెంచేసి, కరువు ఏడు రాగానే చేతులెత్తేసినవాళ్లు చాలామంది. బకాయి పడ్డ ముఠాలు మళ్లీ వేలానికొచ్చాయి. జీతం నమ్ముకుని వాయిదాల మీద ప్లాటు కొనేవాళ్లు ఈ ముక్క రెండోసారి చదివినా నష్టం లేదు.

చిన్నవాళ్ల మాట దేవుడెరుగు, విజయనగరం అంతటి సంస్థానమే బకాయిల్లో ఇరుక్కుంది. పేష్కషు తగువు ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర సంస్థానాధీశుడు విజయరామరాజు ప్రాణం పోయింది. 1802 నాటికి ఆ జమీ 24 పరగణాలు, 1,157 గ్రామాలు. ఏటా కట్టవలసింది అయిదు లక్షల రూపాయలు. కొడుకు నారాయణ గజపతి అప్పుల పాలై, 1827లో జమీని కంపెనీ అజమాయిషీకి వదిలి కాశీకి వెళ్లిపోయాడు. 1845లో అక్కడే పోయాడు.

ఈ పురాణం ఎందుకంటే, మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కాగితాల చిక్కు అంతా ఇక్కడే మొదలైంది. రైతు చేతిలో ఉన్నది జమీందారు పట్టా, రైతు రాసిచ్చిన ముచిలికా, శిస్తు రసీదులు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చాక సాగు హక్కు గట్టిపడింది. 1948లో ఎస్టేట్లు రద్దయ్యాకే సర్కారు చాలా ఊళ్లలో గొలుసు పట్టుకుని దిగి, ఏ నంబరు జిరాయితీ, ఏది ఈనాం, ఏది చెరువు, ఏది గెడ్డ అని తేల్చింది. అలా తేల్చి రాసిందే సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్. మాలో ఎస్సెఫ్ఏ అంటాం. భూమికి జాతకం అదే. కొత్తగా కొనేవాడు రంగుల ప్లాను చూడక ముందు దాని నకలు చూడాలి. శ్రీకాకుళం వైపైతే ఇంకో ముడి ఉంది: 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలోది, కలెక్టరు ఉండేది ఛత్రపురంలో.

కాగితం దొరకకపోతే పొలం పేరు అడగండి. చాకలి మాన్యం, కంసాలి మాన్యం, దేవుడి మడి, సత్రం గరువు అని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. దేవుడి మాన్యాన్ని పూజారి మనవలు అమ్మితే కొన్నవాడు కోర్టు మెట్లు లెక్కపెట్టుకోవలసిందే. సింహాచలం పంచగ్రామాల్లో 1996లో రైత్వారీ పట్టా దేవస్థానానికి వచ్చింది. అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు క్రమబద్ధీకరణ కోసం ఎన్నేళ్లు తిరిగారో విశాఖలో ఎవరినడిగినా చెబుతారు. పేదలకి సర్కారు ఇచ్చిన డీ-పట్టా భూమి కూడా అలాంటిదే. 1977 చట్టం దాని అమ్మకాన్ని కట్టేసింది. చవగ్గా వస్తుందంటే మొదట ఈ రెంటినే అనుమానించాలి.

కొండ దిగువన సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు చల్లటి తోటలు చూపిస్తారు. అప్పు కింద సావుకార్లు గిరిజనుల భూములు రాయించుకున్న కథ 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపేదాకా వెళ్లింది. ఆపైన ఉద్యమం రగిలింది. 1970లో వచ్చిన 1/70 రెగ్యులేషను ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. న్యాయమైన చట్టం. దానికి సందులు వెతికేవాళ్లకి నేను దస్తావేజు రాయలేదు, అది ఒక్కటి ధైర్యంగా చెప్పగలను.

ఇక మా వృత్తి రహస్యం. వంద రూపాయలు, ఆపైన విలువైన స్థిరాస్తికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాబట్టి, వెనకటివాళ్లు తొంభైతొమ్మిది రూపాయలకి కాగితం రాసుకుని పని కానిచ్చేవారు. ఎవరి పొలం ఎవరిదో కరణానికి తెలుసు. 1984లో కరణాలు పోయారు, ఆ జ్ఞాపకమూ పోయింది. ఇప్పుడు కంప్యూటరులో ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, 1983 దాకానే వెనక్కి నడుస్తుంది. అంతకు ముందుది పాత పుస్తకాల్లో వెతికించాలి. దానికి చాలామందికి ఓపిక ఉండదు.

నాకూ ఉండలేదు. 1994లో ఊరి చివర వాయిదాల స్కీములో రెండొందల గజాలు కొన్నాను. దస్తావేజు నేనే రాసుకున్నాను, చెక్కుబందీ నాలుగు వైపులా నా చేతిరాతే. పదమూడేళ్ల ఈసీ చూసి తృప్తిపడ్డాను. ఆరేళ్లకి ఎస్సెఫ్ఏ నకలు తీస్తే ఆ నంబరు ఎదుట "చెరువు" అని ఉంది.

మనవడు అంతా విని, "మరి రేటు పెరిగిపోదా తాతా?" అన్నాడు. భోగాపురం విమానాశ్రయం మాట 2015లో వచ్చింది. 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన చేశారు. ఇన్నేళ్లాగిన స్థలం వారం రోజులు ఆగదా, సర్వే నంబరు కనుక్కో, ఎస్సెఫ్ఏ నకలుకి అర్జీ పెట్టు, రిజిస్ట్రేషను కుదరని భూముల 22-ఏ నిషేధ జాబితా చూడు, ఆ తర్వాత నా దగ్గరకి రా అన్నాను. పండగ సెలవు అయిపోయింది, నంబరు రాసుకుని బస్సెక్కాడు.

నా రెండొందల గజాల కాగితం ఇంకా బీరువాలోనే ఉంది. భాద్రపదంలో వెళితే అక్కడ మోకాలి లోతు నీళ్లుంటాయి.