రెండు పెన్నీల తల

స్లగ్ అంటే గుల్ల లేని నత్త. తేమ ఎక్కువగా ఉండే బ్రిటన్‌లో ఇది రాత్రిపూట బయటికొచ్చి తోటల్లోని లేత మొక్కల్ని మొదలంటా తినేస్తుంది. దాన్ని తినే జీవులూ ఆ తోటల్లోనే ఉన్నాయి: కప్పలు, నేలమీద తిరిగే పెంకుపురుగులు, కాళ్లు లేని బల్లి స్లోవర్మ్, ఒళ్లంతా ముళ్లుండే హెడ్జ్‌హాగ్. తోటమాలికి నేస్తమన్న పేరు ఎక్కువగా హెడ్జ్‌హాగ్‌కే దక్కింది. చూడటానికి చిన్న ఏదుపందిలా ఉన్నా దానికి చుట్టరికం చుంచులతో.

ఆ పేరు రాకముందు దాని తలకు వెల ఉండేది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1566లో, ధాన్యాన్ని కాపాడటానికని చేసిన చట్టం హెడ్జ్‌హాగ్‌ను చీడల్లో చేర్చింది. ఒక్కో తలకు రెండు పెన్నీలు. డబ్బు ఇచ్చేది ఊరి చర్చి పెద్దలు. హెడ్జ్‌హాగ్ పడుకున్న ఆవుల పాలు తాగేస్తుందని జనం నమ్మేవారు. దాని నోరెంత, పొదుగెంత అని ఎవరూ ఆలోచించినట్టు లేదు. చట్టం 1863 దాకా రద్దు కాలేదు.

రద్దయిన కొద్ది కాలానికే, 1870ల నుంచి, బ్రిటిష్ వలసదారులు హెడ్జ్‌హాగ్‌ను న్యూజిలాండ్‌కు తీసుకెళ్లారు. మొదట సొంతగడ్డ గుర్తుగా, తర్వాత తోటల్లో స్లగ్‌లను తింటుందని. అక్కడది పక్షుల గుడ్లు, బల్లులు, వేటా అనే మిడతజాతి పురుగులు తింటూ పెద్ద చీడగా మారింది.

బ్రిటన్‌లో 1930ల నుంచి స్లగ్‌లను చంపే మెటాల్డిహైడ్ గుళికలు వాడుకలోకి వచ్చాయి. పక్షులకు, జంతువులకు హాని చేసే ఈ మందును 2022లో ఆరుబయట వాడకుండా నిషేధించారు.

ఈలోగా న్యూజిలాండ్ కథ స్కాట్లాండ్‌లోనే మళ్లీ జరిగింది. పశ్చిమ తీర ద్వీపమైన సౌత్ ఉయిస్ట్‌లో హెడ్జ్‌హాగ్‌లు ఉండేవి కావు. 1974లో తోటలోని స్లగ్‌ల కోసం కొన్నింటిని తెచ్చి వదిలారు. నిజానికి వాటి తిండిలో పెంకుపురుగులు, గొంగళిపురుగులు, వానపాములే ఎక్కువ. స్లగ్‌ల వంతు తక్కువ. ఉయిస్ట్ పచ్చికలో నేలమీద గుడ్లు పెట్టే రెడ్‌షాంక్, డన్‌లిన్ వంటి పిట్టలున్నాయి. నక్కలు లేని ఆ దీవిలో గుడ్లకు కాపలా అవసరం అంతగా రాలేదు. హెడ్జ్‌హాగ్‌లు వేలల్లో పెరిగాయి, పిట్టలు తగ్గాయి. 2003లో హెడ్జ్‌హాగ్‌లను చంపడం మొదలైంది. జంతుప్రేమికుల నిరసనల తర్వాత 2007 నుంచి పట్టి ప్రధాన భూభాగానికి తరలించారు. ఆ ప్రధాన భూభాగంలోనే వాటి సంఖ్య పడిపోయి, 2020లో హెడ్జ్‌హాగ్ బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్ట్‌లో ముప్పున్న జంతువుగా చేరింది.