తెనాలి రంగస్థలం, గుమ్మడి పెద్దరికం

నాయకుడు, ప్రతినాయకుడు, హాస్యగాడు అనే మూడు తరగతుల్లోనూ ఇమడని తండ్రులు, అన్నలు, జమీందారులు, మంత్రుల పాత్రలను పోషించే నటుణ్ణి తెలుగు సినీరంగం ‘క్యారెక్టర్ ఆర్టిస్టు’ అని పిలుస్తుంది. అమెరికాలో ఆస్కార్ సహాయనటుల బహుమతి 1936 నాటి చిత్రాలతో మొదలు కాగా, దానిని తొలిసారి అందుకున్న వాల్టర్ బ్రెనన్ తన వయసును మించిన ముసలి పాత్రలకే పేరు పొందాడు. తెలుగులో ఆ విద్యకు శిఖరం గుమ్మడి వెంకటేశ్వరరావు; అయితే ఆయన నటనకు వేరు తెనాలి నాటకరంగంలో ఉంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలున్న కృష్ణా డెల్టా పడమటి భాగంలో పద్యనాటకం, అంటే సంభాషణ మధ్యలో పద్యాన్ని రాగయుక్తంగా పాడే నాటకం, ఊరూరా వేళ్లూనింది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించి, ‘శ్రీకృష్ణ తులాభారం’లోని సత్యభామగా ఆంధ్రదేశమంతటా కీర్తి గడించి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. పురుషుణ్ణి సత్యభామగా నమ్మిన ప్రేక్షకుడు నటుడి దేహాన్ని కాక, పాత్ర నడకను, చూపును, మాట విరుపును చూడటం నేర్చుకున్నాడు. అటువంటి ప్రేక్షకుడిని తయారుచేయడమే ఆ రంగస్థలం సాధించిన అసలైన ఘనత.

తెనాలి సమీపంలోని రావికంపాడులో 1927 జూలై 9న జన్మించిన గుమ్మడి, అదే సంప్రదాయానికి చెందిన మాధవపెద్ది వెంకట్రామయ్య ప్రోత్సాహంతో నాటకాల్లో దుర్యోధనుడి వేషం కట్టి, ఆ తరువాత మద్రాసు చేరి, 1950 నాటి ‘అదృష్టదీపుడు’తో తెరపైకి వచ్చారు. రంగస్థలం మీద చివరి వరుస దాకా వినిపించవలసిన గొంతును మైకు ముందు తగ్గించి, ఆవేశాన్ని మాటల మధ్య మౌనంలో దాచుకోవడం ఆయన సినిమాలో సాధించిన మార్పు.

1955లో వచ్చిన ‘అర్ధాంగి’లో ఇరవై ఏడేళ్ల గుమ్మడి, తనకన్నా పెద్దవాడైన అక్కినేని నాగేశ్వరరావుకూ, తెనాలి దగ్గరి మోరంపూడికే చెందిన కొంగర జగ్గయ్యకూ తండ్రిగా నటించారు. రెండేళ్లకు ‘మాయాబజార్’లో బలరాముడై, వయసులో నాలుగేళ్లు పెద్దయిన ఎన్.టి. రామారావు కృష్ణుడికి అన్న అయ్యారు. తెల్లజుట్టు, మీసకట్టు వంటి ఆహార్యంతోనే ఇది సాధ్యం కాదు; పొగడ్తకు లొంగి మాట తప్పే బలరాముడు ప్రేక్షకుడికి దుర్మార్గుడిగా కాక, కోపమూ మంచితనమూ కలిసిన ఇంటి పెద్దగా కనిపించడానికి కారణం ఆ పాత్ర తనను తాను ఎంత నిజాయితీగా నమ్ముకున్నదో గుమ్మడి చూపగలగడమే.

1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఈ నటుడి పాత్ర పేరే చిత్రానికి పేరయింది. రాజకుమారుడి మరణానికి బాధ్యుడన్న అపవాదుతో కళ్లు పోగొట్టుకునే వృద్ధమంత్రిని, రామారావు పోషించిన శ్రీకృష్ణదేవరాయలు ‘అప్పాజీ’ అని పిలిచేటప్పుడు, ఆ పిలుపులోని పితృభావం క్షణమైనా కృతకంగా తోచదు. క్యారెక్టర్ నటుడు కథను పక్కనుండి మోసేవాడే కాదు, అవసరమైతే నడుమ నిలిచి నడిపేవాడని ఈ చిత్రం నిరూపించింది.

1977లో పద్మశ్రీ, తరువాత రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్న గుమ్మడి 2010 జనవరి 26న హైదరాబాదులో మరణించారు. యాభై మూడేళ్ల కిందట ఆయన బలరాముడిగా కనిపించిన ‘మాయాబజార్’ సరిగ్గా నాలుగు రోజుల తరువాత, జనవరి 30న, రంగుల్లో మళ్లీ విడుదలైంది.